తేదీకి 7 కలిపితే తోకలా అతుక్కుంటోంది!

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీ కోసం జావాస్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ఇవాళ్టి తేదీలోంచి పుస్తకం తీసుకున్న తేదీని తీసేస్తే మిల్లీసెకన్లు చక్కగా వస్తున్నాయి. తీసుకున్న తేదీకి 7 కలిపితే మాత్రం ‘మన్ జాన్ 12 2026...’ అంటూ చాంతాడంత స్ట్రింగ్ (అక్షరాల వరుస) వచ్చి, చివర్లో 7 అతుక్కుంటోంది. మైనస్‌కి లొంగింది ప్లస్‌కి ఎందుకు లొంగదు సార్?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: తప్పు మీది కాదమ్మా, ప్లస్‌ది. తేదీని దాచే డేట్ ఒక ఆబ్జెక్ట్, అంటే విలువల్నీ వాటితో చేసే పనుల్నీ కలిపి కట్టిన మూట. ఆబ్జెక్ట్‌తో నేరుగా లెక్కలు చేయడం జావాస్క్రిప్ట్‌కి రాదు. ముందు దాన్ని సంఖ్యగానో స్ట్రింగ్‌గానో మార్చుకోవాలి. ఎలా మార్చాలో చెప్పే సూచనలు మూడు: నంబర్, స్ట్రింగ్, డిఫాల్ట్. మైనస్‌కి కావలసింది సంఖ్యే కాబట్టి నంబర్ అంటుంది. ప్లస్‌కి కూడడమూ వచ్చు, అతికించడమూ వచ్చు. అందుకే ఎటూ తేల్చకుండా డిఫాల్ట్ అంటుంది.

డిఫాల్ట్ అంటే మామూలు ఆబ్జెక్ట్‌లు నంబర్ దారే పడతాయి. ముందు తమ విలువను ఇచ్చే వాల్యూఆఫ్‌ని పిలుస్తాయి, దానివల్ల కాకపోతే స్ట్రింగ్‌గా మార్చే టూస్ట్రింగ్‌ని. డేట్ ఒక్కటే మొండిఘటం. డిఫాల్ట్ అనగానే స్ట్రింగ్ అనుకుని టూస్ట్రింగ్‌నే ముందు పిలుస్తుంది. ఒకపక్క స్ట్రింగ్ కనబడిందా, ప్లస్ ఇక రెండోపక్కనా స్ట్రింగ్ చేసి అతికించేస్తుంది. మీ 7 గతి అదే.

రోజుకు 8,64,00,000 మిల్లీసెకన్ల చొప్పున కలిపేస్తే పోలేదా అంటారేమో. ఖమ్మంలో సరిపోతుంది. అదే ప్రోగ్రాం అమెరికాలో నడిస్తే, గడియారాలు ముందుకు జరిపే మార్చి ఆదివారం 23 గంటలే. అందుకని తేదీలోని రోజును మార్చే సెట్‌డేట్ వాడండి: నెలలో ఎన్నో రోజో చెప్పే గెట్‌డేట్ ఇచ్చినదానికి 7 కలిపి అందులో వేయండి. జనవరి 28కి 7 కలిపి 35 వేసినా అది ఫిబ్రవరి 4కి తనే సర్దుకుంటుంది. కాకపోతే అది అసలు తేదీనే మార్చేస్తుంది, తిరిగి ఇచ్చేది డేట్ కాదు, మిల్లీసెకన్ల సంఖ్య. కాబట్టి ముందు కాపీ తీసుకుని దాని మీద చేయండి.

తర్వాత జరిమానాకీ ఒక ఆబ్జెక్ట్ రాస్తారు కదా, దానికి 5 కలిపితే ‘[ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్]5’ వస్తుంది. మామూలు ఆబ్జెక్ట్ వాల్యూఆఫ్ తనని తానే తిరిగి ఇస్తుంది, అది లెక్కకు పనికిరాదు. అప్పుడు టూస్ట్రింగ్ వంతు. 2015లో వచ్చిన సింబల్.టూప్రిమిటివ్ పేరుతో ఆబ్జెక్ట్‌లో ఒక ఫంక్షన్ రాసుకుంటే మూడు సూచనలకూ ఏమివ్వాలో మీరే చెప్పొచ్చు. నన్నడిగితే ఇంత చిన్న ప్రోగ్రాంకి అదంతా ఎందుకు? జరిమానా.మొత్తం అని ఆబ్జెక్ట్ లోపలి సంఖ్యనే రాసి, దానికి 5 కలపండి.