శుక్రవారం రాత్రి టికెట్టు ఖరీదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పాతికేళ్ల లోపువాళ్లవే. అందరి గొడవా ఒకటే: శని ఆదివారాలు, చాలని జీతం, కొని పక్కన పడేసిన పుస్తకాలు. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: అన్నా, నాకు 24 ఏళ్లు. మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం, చేతికి 32 వేలు వస్తుంది. హాస్టల్, తిండి, రోజూ ఆఫీసుకి రాకపోకలు పోగా 18 వేల దాకా మిగలాలి. మిగలట్లేదు. నెలకోసారి తెనాలి దగ్గర మా ఊరికి వెళ్తా, మిగతా వారాల్లో ఫ్రెండ్స్‌తో ఎటో ఒకవైపు. 25వ తారీఖుకి అకౌంట్‌లో మూడంకెలే ఉంటాయి. తిరుగుళ్లు మానెయ్యమని అమ్మ ఒకటే పోరు. మానెయ్యాలా? (మాదాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మానెయ్యక్కర్లేదు తమ్ముడూ. ఇప్పుడు తిరక్కపోతే ఎప్పుడు తిరుగుతావు, పిల్లల స్కూలు ఫీజులు కట్టేటప్పుడా? కానీ నీ ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. టికెట్లు ఎప్పుడు కొంటున్నావు? నా అనుమానం, శుక్రవారం సాయంత్రం, ఆఫీసులో కూర్చుని, ఫోన్‌లో. ఆ టైమ్‌లో ప్రైవేటు బస్సువాడు ఎంత చెబితే అంత. మంగళవారం చూసిన రేటుకీ దానికీ పొంతనే ఉండదు, ఇక సంక్రాంతి ముందైతే అడగొద్దు. డబ్బంతా ఊళ్లు చూడ్డానికి పోతోందని అమ్మ అనుకుంటోంది గానీ, చాలావరకు ఆ శుక్రవారం రాత్రికే పోతోంది. నమ్మకం లేకపోతే మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ప్రయాణం ముందు రోజు కొన్న టికెట్లూ, అర్ధరాత్రి క్యాబులూ, దారిలో దాబా బిల్లులూ ఒక రంగు పెన్నుతో గీసి చూడు.

నెలకోసారి ఊరికి వెళ్లేది ఖాయం కదా, ఖాయమైనదాన్ని ఆఖరి నిమిషంలో కొనడమేంటి? రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు (2024 అక్టోబరు దాకా 120 రోజులుండేది). అంటే ఈ రోజు కూర్చుంటే వచ్చే రెండు నెలల టికెట్లు అయిపోతాయి. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలోనే బయల్దేరి గుంటూరు మీదుగా తెనాలి వెళ్తుంది, మీ మాదాపూర్ వాళ్లకి సికింద్రాబాద్ దాకా ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ పోయే పని తప్పుతుంది. సాయంత్రమే కదులుతుంది కాబట్టి ఆ ఒక్క శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా బయటపడాలి, ఆ మాట మేనేజర్‌కి సోమవారమే చెప్పి పెట్టుకో. తత్కాల్ మీద ఆశ పెట్టుకోకు. ముందు రోజు పది గంటలకి ఏసీ, పదకొండుకి స్లీపర్ తెరుస్తారు, సరిగ్గా నీ మీటింగ్ టైమే అది, దానికి ఇప్పుడు ఆధార్ ధ్రువీకరణ కూడా కావాలి.

ఇక పొదుపు. నెలాఖరుకి మిగిలింది దాచుకుందాం అనుకున్నవాళ్లెవరూ దాచింది నేను చూడలేదు. జీతం ఒకటిన పడితే రెండో తారీఖునే 5 వేలు బ్యాంకు ఆర్.డి.కి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) దానంతటదే వెళ్లిపోయేట్టు పెట్టు. ఏడాదికి 60 వేలు అసలు, పైన వడ్డీ. తర్వాత ఇంకో అకౌంటు తెరిచి, అందులోకి నెలకి 4 వేలు పంపి, నీ ఫోన్‌లో యూపీఐ దానికొక్కదానికే తగిలించు. తిరుగుడు, బయట తిండి, సినిమా అన్నీ అందులోంచే. అది అయిపోయిందా, ఆ వారం ఊరు కదలకు. మిగిలిన 9 వేలు బట్టలకి, ఫోన్ బిల్లుకి, ఇంటికి పంపడానికి. పోస్టాఫీసు ఆర్.డి. కూడా ఉంది, నెలకి 100 రూపాయలతో మొదలు పెట్టొచ్చు, కాకపోతే అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసెయ్యనివ్వరు. నీలాంటివాడికి ఆ బంధనమే మంచిదేమో! కానీ ముందు మూడు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేట్టు పెట్టుకో, ఆ తర్వాతే ఐదేళ్ల సంగతి.

ఇంకోటి, అడగలేదు గానీ చెబుతున్నా. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ తీసేసుకుని టూర్ కొట్టొచ్చేవాళ్లు మీ ఆఫీసులోనే ఉండి ఉంటారు. 2024-25కి పీఎఫ్ మీద ఇచ్చిన వడ్డీ 8.25 శాతం, మామూలు ఆర్.డి.లో అంత రాదు. తియ్యకు, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకో.

ప్రశ్న: నమస్తే అన్నా. హన్మకొండలో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నా, జీతం 17 వేలు, సెలవు బుధవారం. అందరూ ఫొటోలు పెడుతుంటే చూడటమే గానీ నేనెప్పుడూ ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. ఇంట్లో భయపడతారు, ఖర్చు అంటే నాకే భయం. దగ్గర్లో ఏమైనా చెప్పండి. (హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: బుధవారం సెలవంటే నీ అదృష్టం చెల్లెమ్మా, జనం ఉండరు. రామప్ప గుడికి పో. మీ ఊరి నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకి ఇంకో బస్సో ఆటోనో. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కాబట్టి నీ ఖర్చు ఆటో, అన్నం, అంతే. ఆధార్ ఒరిజినల్ దగ్గర ఉంచుకుని కండక్టర్ దగ్గర జీరో టికెట్ తప్పక తీసుకో. సూపర్ లగ్జరీ లాంటివి ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాలి, బోర్డు చూసి ఎక్కు.

గుడి 1213 నాటిది, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇదంతా అక్కడి బోర్డు మీదే ఉంటుంది, చదువుతావులే. నేను చెప్పేది, గర్భగుడిలో దండం పెట్టుకుని పావుగంటలో తిరిగి రావద్దు. బయట చూరు కింద నల్లరాతి మదనికలు (నాట్యకత్తెల శిల్పాలు) వరసగా ఉంటాయి, తల పైకెత్తి ఒక్కొక్కదాన్నే చూడు. ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులుంటాయి, ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెప్పులు! నగలు ఎంత సన్నగా చెక్కారంటే మెడలో హారం నీడ ఒంటి మీద పడుతుంది. గోడలది ఎర్రటి ఇసుకరాయి, మదనికలది నల్లరాయి, పైన గోపురానికి వాడింది నీళ్లలో తేలేంత తేలికైన ఇటుక. ఏ బరువు ఎక్కడ పెట్టాలో ఆ శిల్పులకి తెలుసు. పక్కనే రామప్ప చెరువు, పొద్దు వాలకముందే అక్కడ కాసేపు కూర్చోవచ్చు.

ఇంట్లోవాళ్ల భయానికి మందు ఒకటే. దిగగానే కండక్టర్‌ని తిరుగు బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో అడిగి, ఆఖరిది కాకుండా దానికి ముందుది ఎక్కుతానని ఇంటికి ఫోన్ చేసి చెప్పు. మొదటిసారి చెప్పిన టైమ్‌కి ఇల్లు చేరితే రెండోసారి అడ్డం చెప్పరు. కావాలంటే తోటి నర్సుని తోడు తీసుకుపో, కానీ ఆమెకి వీలు పడలేదని నీ ప్రయాణం మానుకోకు.

ప్రశ్న: మా గ్యాంగ్ అంతా గోవా వెళ్దామంటున్నారు. నా వాటా 14 వేలు. డబ్బుల్లేవంటే క్రెడిట్ కార్డు గీకు, ఈఎంఐ పెట్టుకో, జీవితం ఒక్కటే అంటున్నారు. ఏం చేయను? (విజయవాడ)

జవాబు: జీవితం ఒక్కటే, ఈఎంఐలు మాత్రం పన్నెండు. కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగిలినదాని మీద నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ వేస్తారు, ఏడాదికి లెక్కేస్తే 40 దాటుతుంది. వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలంటే ఆమ్మో అంటాం, ఇక్కడ ప్లాస్టిక్ కార్డు కాబట్టి నోరు మెదపం. నాలుగు నెలలు ఆగమను, నెలకి మూడున్నర వేలు పక్కన పెట్టి నీ డబ్బుతో వెళ్లు. ఆగరా, వెళ్లి రమ్మను. వాళ్లు వెళ్లినా గోవా అక్కడే ఉంటుంది. ఆ శని ఆదివారాలు నువ్వు ఉండవల్లి గుహల మీదికెక్కి కృష్ణ వైపు చూస్తూ కూర్చో, సిటీ బస్సులో పోతే పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రశ్న: గుంటూరులో మందుల ఏజెన్సీలో పని. చిన్నప్పుడు తెగ చదివేవాణ్ణి. ఇప్పుడు ప్రతి జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి వెళ్లడం, సంచీ నిండా కొనడం, అల్మారాలో పెట్టడం. రాత్రి మంచం ఎక్కగానే ఫోన్. చదవడం మళ్లీ ఎలా అలవాటు చేసుకోను? డబ్బు దండగ అవుతోందని కూడా బాధ. (గుంటూరు)

జవాబు: కొత్త పుస్తకాలు ఏడాదిపాటు కొనకండి, ముందు అది. అల్మారాలో ఉన్నవి బయటికి తీసి, వాటిలో మీకు నిజంగా చదవాలని ఉన్నవి ఎన్నో చూడండి. ఎవరో గొప్పదన్నారనీ, చదివితే బాగుపడతామనీ కొన్నవి ఎవరికైనా ఇచ్చేయండి. చదవడాన్ని డ్యూటీ చేసుకున్నందుకే మనసు ఫోన్ వైపు పోతోంది. డిటెక్టివ్ నవల చదివినా చదివినట్టే, పాత వారపత్రికలో సీరియల్ చదివినా చదివినట్టే. రాత్రి మంచం మీద చదువుతానని పంతం పట్టకండి, రోజంతా షాపుల చుట్టూ తిరిగొచ్చిన ఒంటికి పడుకోగానే నిద్రే వస్తుంది. చదవడానికి మంచి చోటు రైలు, కిటికీ పక్క సీటు, ఫోన్ డేటా ఆపేసి.

అందుకని మీకో ప్రయాణం చెబుతా. గుంటూరు నుంచి తెనాలి, బాపట్ల మీదుగా చీరాల వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో వేటపాలెం. సారస్వత నికేతనం అని 1918లో పెట్టిన గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు, గాంధీ చేతికర్ర కూడా అక్కడే భద్రంగా ఉంది. తెరిచే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లి, ఏదో ఒక పాత సంచిక అడిగి తీసుకోండి. వార్తల కంటే ప్రకటనలు చూడండి, తలనొప్పి మందులూ, సబ్బులూ, నాటకం టికెట్లూ. మందుల ఏజెన్సీలో పనిచేసే మీకు ఆ మందుల ప్రకటనలు మామూలు సరదాగా ఉండవు. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు కొనుక్కోండి, ఆ ఖర్చుకి నేనేమీ అనను.

దారిలో చదవడానికి ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పుస్తకం 1838లో అచ్చయింది. ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, బజారులో ఏం దొరుకుతాయి, పల్లకీ మోసే బోయీలు ఎక్కడ ఇబ్బంది పడ్డారు, దారి రాళ్లదా ఇసుకదా, అన్నీ రాసుకుంటూ పోతాడు. భాష మొదట కాస్త బరువనిపిస్తుంది, రోజుకో మజిలీ చొప్పున చదివితే అలవాటైపోతుంది. పాతది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే దొరుకుతుంది. కాగితమే కావాలంటే బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల్లో అడగండి. హైదరాబాద్ వాళ్లయితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. అక్కడ మొదట చెప్పిన ధరకి కొంటే మాత్రం వాడు మిమ్మల్ని చూసి నవ్వుకుంటాడు.

ప్రశ్న: ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటా. నేరమా? (కూకట్‌పల్లి)

జవాబు: కాదు. పెట్రోలు ఖర్చు కూడా లేదు. లేచాక బట్టలు మాత్రం ఉతుక్కోండి.

ప్రశ్న: ఆఫీసులో సహోద్యోగి లక్ష రూపాయల చీటీ నడుపుతున్నాడు, నెలకి 5 వేలు, ఇరవై మంది. బైకు కొనాలని నా ఆశ. చేరనా? (విశాఖపట్నం)

జవాబు: అది రిజిస్టరైన చీటీయా అని అడుగు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపేవాడి కమీషన్ 7 శాతం దాటకూడదు. కాదూ, అంతా నమ్మకం మీదే అంటే, అతను రేపు ఉద్యోగం మాని వేరే ఊరు వెళ్లిపోతే నీ చేతిలో ఏ కాగితం ఉంటుందో ఆలోచించుకో. ఇరవై నెలలు అదే 5 వేలు ఆర్.డి. కడితే పాట పాడే పని లేకుండా లక్షా, దాని వడ్డీ నీ చేతికొస్తాయి. తోటివాడి మొహం చూసి కాదనలేకపోతున్నావని నాకు తెలుసు. ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పు, ఆ అబద్ధం ఎవరికీ నష్టం చెయ్యదు.

ప్రశ్న: బెంగళూరులో డెలివరీ హబ్‌లో సూపర్‌వైజర్‌ని, మాది కర్నూలు. ప్రతి వారం ఇంటికి వెళ్లలేను. ఇక్కడి నుంచి ఒక్క రోజులో, తక్కువలో, మాల్స్ కానిది ఏదైనా? (బెంగళూరు)

జవాబు: లేపాక్షి. రైల్లో హిందూపురం దిగితే అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే, బస్సులు తిరుగుతాయి. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి రూములో ఉంటావు. అందరూ వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగి ఫొటో తీసుకుని వచ్చేస్తారు, నువ్వూ తీసుకో, తప్పేముంది. ఆ తర్వాత మాత్రం మండపంలో నేల మీద కూర్చుని కప్పు చూడు. విజయనగర కాలం నాటి బొమ్మలు, పదహారో శతాబ్దివి, రంగులు కొన్నిచోట్ల వెలిసిపోయినా మనుషులు వెలవలేదు. ఆడవాళ్ల చీరల అంచులు, మగవాళ్ల పొడవాటి టోపీలు, అన్నీ తెలుస్తాయి. స్తంభాల మీద చెక్కిన పూల డిజైన్లు మన చేనేత చీరల్లోకి కూడా వచ్చాయి, మీ అమ్మగారికి ఫోన్‌లో చూపించు. పెద్ద నంది గుడి లోపల ఉండదు, గుడికి కాస్త దూరంలో రోడ్డు పక్కనే ఉంటుంది, అదీ చూసుకో. మధ్యాహ్నం రాతి నేల కాలుతుంది, చెప్పులు బయటే వదలాలి, సాక్సులు పెట్టుకో. హిందూపురంలో తిరుగు రైలుకి జనరల్ టికెట్టు ఫోన్‌లోనే తీసుకోవచ్చు, ఆదివారం సాయంత్రం ఆ లైనులో నిలబడ్డావంటే రైలు వెళ్లిపోతుంది.