టౌన్స్‌విల్ అనే ఊళ్లో యూనివర్సిటీ ఉందటండీ

ప్రశ్న: మాది నరసాపురం వైపు, ఆరెకరాల రొయ్యల చెరువులు. మా అమ్మాయి ఫిషరీస్ డిగ్రీ పూర్తి చేసింది. ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ యూనివర్సిటీకి వెళ్లి ఆక్వా మీద పైచదువు చదువుతానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లేమో దానికి పేరు లేదు, మెల్‌బోర్న్‌కో సిడ్నీకో పంపించండి అంటున్నారు. మా బావమరిదిదీ అదే మాట. అసలది గవర్నమెంటుదా, ప్రైవేటుదా?

జవాబు: గవర్నమెంటుదేనండి. కానీ ఆ మాట విని ఫీజు తక్కువ ఉంటుందనుకోవద్దు. ఆస్ట్రేలియాలో యూనివర్సిటీలు చాలావరకు ప్రభుత్వ చట్టాలతో పుట్టినవే, అయినా బయటి దేశాల పిల్లల దగ్గర పూర్తి ఫీజు తీసుకుంటాయి. ఈ సంగతి కన్సల్టెన్సీలు ముందుగా చెప్పవు, లోన్ కాగితాల దగ్గరికి వచ్చేసరికి మనకే తెలిసొస్తుంది.

ఇది క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉంది. 1961లో టౌన్స్‌విల్‌లో ఓ చిన్న కాలేజీగా మొదలైంది, అప్పట్లో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ కింద ఉండేది. 1970 ఏప్రిల్ 20న సొంతంగా యూనివర్సిటీ అయింది. అప్పుడు ఎలిజబెత్ రాణి ఆ ఊళ్లోనే ఉన్నారు, చట్టానికి ఆమోదం అక్కడే ఇచ్చారు. కెయిర్న్స్‌లో ఇంకో క్యాంపస్ ఉంది, 2003 నుంచి సింగపూర్‌లోనూ ఒకటి నడుస్తోంది. కాబట్టి ఆఫర్ లెటర్ రాగానే కోర్సు పేరు కంటే ముందు క్యాంపస్ పేరు చూడండి. సింగపూర్‌లో చదివినా డిగ్రీ వాళ్లదే, వీసా మాత్రం పూర్తిగా వేరు.

పేరు లేదన్న మాటకొస్తే, ఆస్ట్రేలియాలో గ్రూప్ ఆఫ్ ఎయిట్ అని ఎనిమిది పెద్ద యూనివర్సిటీల జట్టు ఒకటుంది. మెల్‌బోర్న్, సిడ్నీ, మోనాష్ లాంటివి అందులో ఉన్నాయి, జేమ్స్ కుక్ లేదు. మీ బావమరిది గారు విన్నది ఆ లెక్కే అయ్యుంటుంది. ఎంబీఏకి పంపిస్తుంటే నేనూ ఆయన పక్షమే. కానీ మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది రొయ్య. ఇది ఉష్ణమండలంలో, సముద్రం ఒడ్డున, ప్రపంచంలోనే పెద్ద పగడాల దిబ్బల వరుస గ్రేట్ బారియర్ రీఫ్ ఎదురుగా ఉన్న యూనివర్సిటీ. చలిదేశం ఊళ్లో కూర్చుని ఉప్పునీటి చెరువు గురించి చదవడం వేరు, అలాంటి చోట చదవడం వేరు.

మీకో తమాషా చెప్పనా, అక్కడ వనామి రకం రొయ్య సాగు లేదు. మనకి 1990లలో టైగర్ రొయ్య బంగారం పండించి, తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు తగిలి చెరువులన్నీ ఊడ్చుకుపోతే, 2009 తర్వాత అందరం వనామికి మళ్లాం కదా. వాళ్లు ఇప్పటికీ టైగరే పెంచుతున్నారు. అదే తెల్లమచ్చ 2016 చివర్లో క్వీన్స్‌లాండ్ దక్షిణాన లోగన్ నది పక్క చెరువులకీ తగిలి, అక్కడి రైతుల్నీ ముంచేసింది. సముద్రంలో పట్టిన తల్లి రొయ్య మీద ఆధారపడకుండా చెరువులోనే తరాల తరబడి మంచి జాతిని ఎంచుకుంటూ పోవడమెలా, జన్యువులు చూసి బాగా పెరిగే రకాన్ని ముందే పట్టుకోవడమెలా అన్న పని మీద జేమ్స్ కుక్ వాళ్లు ఏళ్లుగా ఉన్నారు. సీడ్ (రొయ్యపిల్లలు) కొనే ప్రతిసారీ, వాటిని పుట్టించి అమ్మే హేచరీ వాడి మాట నమ్మి దండం పెట్టుకునే మనకి ఆ విద్య విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, అక్కడ జనం బారముండి అని మురిసిపోయే చేప మరేదో కాదండి, మన పండుగప్పే. పుట్టినప్పుడు మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. మరి మంచి జాతికి జోడీ కట్టాలంటే ఎంత తలనొప్పో ఆలోచించండి. దాని మీదా అక్కడ పరిశోధన నడుస్తోంది.

రీఫ్ మీద పేరైతే అంతా ఇంతా కాదు. పౌర్ణమి దాటాక కొన్ని రాత్రులు పగడాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి గుడ్లు వదులుతాయని 1980ల మొదట్లో కనిపెట్టిన బృందం ఇక్కడిదే, అందులో చాలామంది అప్పటికి పరిశోధక విద్యార్థులే. 2000లో మెడికల్ కాలేజీ కూడా పెట్టారు, పల్లెలకీ మారుమూల ప్రాంతాలకీ డాక్టర్లని తయారు చేయడమే దాని ముఖ్యోద్దేశం.

నా మాటగా అయితే, పంపించండి. కాకపోతే అక్కడ మన ఊరి పిల్లలు పదిమంది ఒకే ఇంట్లో ఉండి పప్పు వండుకునే సీను మెల్‌బోర్న్‌లో దొరికినంత తేలిగ్గా దొరకదు, పార్ట్‌టైమ్ పనులు కూడా ఊరి సైజుకి తగ్గట్టే ఉంటాయి. క్లాసులున్న రోజుల్లో రెండు వారాలకి 48 గంటలే పని అని రూలు కూడా ఉంది. పని చేసి ఫీజు కట్టేస్తుందిలే అనే లెక్క మాత్రం వేయకండి.

ప్రశ్న: రాజోలు నుంచి, రిటైర్డ్ సోషల్ మాస్టారిని. జేమ్స్ కుక్ అంటే ఆ దేశాన్ని బ్రిటిష్ వాళ్ల పాలు చేసిన నావికుడే కదా. యూనివర్సిటీకి ఆ పేరేమిటి? అక్కడి ఆదివాసులకి అభ్యంతరం లేదా?

జవాబు: బాగా పట్టారు మాస్టారూ. కుక్ ఆ తీరం వెంట ఓడలో వెళ్లింది 1770లో, యూనివర్సిటీ పుట్టింది సరిగ్గా రెండొందల ఏళ్లకి, పేరు అలా వచ్చింది. టౌన్స్‌విల్ ఎదురుగా ఉన్న దీవి దగ్గర తన దిక్సూచి తేడాగా తిరుగుతోందనుకుని దానికి మాగ్నెటిక్ ఐలాండ్ అని పేరు పెట్టాడాయన.

అయితే ఆ పేరున్న యూనివర్సిటీలోనే ఓ తోటమాలి కుక్ కథ మొత్తం తిరగరాయించాడు. ఎడ్డీ కొయికి మాబో అని, టోరెస్ జలసంధిలో మేర్ అనే చిన్న దీవి మనిషి. 1967 నుంచి 1975 దాకా అక్కడ మొక్కలకి నీళ్లు పోస్తూ, గడ్డి కోస్తూ పనిచేశాడు. ఖాళీ దొరికితే లైబ్రరీలో దూరి తన జనం గురించి రాసిన పుస్తకాలు చదువుకునేవాడు. హెన్రీ రెనాల్డ్స్, నోయెల్ లూస్ అనే ఇద్దరు చరిత్ర లెక్చరర్లతో మాటల్లో ఓ రోజు, దీవిలో మా నాన్న నేల, మా తాత నేల అని చెబుతుంటే, చట్టం లెక్కన అది మీది కాదు ప్రభుత్వానిదని వాళ్లు చెప్పాల్సొచ్చింది. ఆయన నిర్ఘాంతపోయాడట. తాతల నాటి నుంచి దున్నుతున్న లంక భూమికి పట్టా లేదని ఆఫీసులో చెబితే మనవాళ్ల మొహం ఎలా అవుతుందో మీకు తెలుసుగా, ఆయనకైతే దీవి దీవంతా అంతే.

1981లో అదే యూనివర్సిటీలో భూమి హక్కుల మీద సదస్సు జరిగింది, కోర్టుకి వెళ్లాలన్న నిర్ణయం అక్కడే గట్టిపడింది. 1982లో కేసు వేశారు, పదేళ్లు నడిచింది. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే పై కోర్టు) బ్రిటిష్ వాళ్లు వచ్చేసరికి అది ఎవరిదీ కాని నేల అన్న వాదాన్ని కొట్టేసింది. మాబో ఆ జనవరిలోనే పోయాడు, తీర్పు వినలేదు. 2008లో టౌన్స్‌విల్ క్యాంపస్ లైబ్రరీకి ఆయన పేరు పెట్టారు. క్యాంపస్‌కి ఇప్పుడు మూలవాసుల భాషలో బెబెగు యుంబా అనే పేరూ ఉంది, చదువుల తావు అని అర్థం. యూనివర్సిటీకి మాత్రం కుక్ పేరే ఉంది. మార్చాలా వద్దా అంటే, గేటు మీద కుక్, లైబ్రరీ మీద మాబో అలా ఎదురెదురుగా ఉండటమే నాకు బాగుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ప్రశ్న: అమలాపురం దగ్గర. 1996 నవంబరు తుఫానులో మా ఇంటి రేకులు ఎగిరి కొబ్బరితోటలో పడ్డాయి. మా అబ్బాయి సివిల్ ఇంజినీరింగ్. తుఫాను తట్టుకునే ఇళ్ల మీద చదువుండే చోటు చెప్పగలరా?

జవాబు: ఇదీ ఆ ఊరేనండి! 1971 క్రిస్మస్‌కి ముందురోజు ఆల్థియా అనే తుఫాను టౌన్స్‌విల్‌ని బాగా దెబ్బతీసింది, మూడేళ్లకి మళ్లీ క్రిస్మస్‌కే ట్రేసీ అనే తుఫాను డార్విన్ నగరాన్ని తుడిచిపెట్టేసింది. డార్విన్‌లో ఇళ్లు ఎందుకు కూలాయో తేల్చడానికి జేమ్స్ కుక్ ఇంజినీరు జార్జ్ వాకర్ వెళ్లారు. దీని మీదే పనిచేయాలని 1977లో యూనివర్సిటీలో సైక్లోన్ టెస్టింగ్ స్టేషన్ పెట్టారు. మన దివిసీమ ఉప్పెన వచ్చింది కూడా ఆ ఏడే.

వాళ్లు తేల్చిన వాటిలో ఒకటి మీ రేకులకి బాగా వర్తిస్తుంది. గాలి ఒక్క ఊపులో రేకుని పీకదు. గంటల తరబడి లాగి వదులుతుంటే స్క్రూ చుట్టూ రేకు అలిసిపోయి చీలిక వస్తుంది, అప్పుడు ఊడుతుంది. రెండోది, కిటికీ గానీ తలుపు గానీ పగిలితే గాలి లోపలికి చొరబడి కప్పుని కింద నుంచి తంతుంది, పైన లాగే గాలీ లోపల నెట్టే గాలీ కలిస్తే ఏ కప్పూ ఆగదు. అందుకే కప్పుని దూలానికి, దూలాన్ని గోడకి, గోడని పునాదికి గొలుసులా కట్టాలంటారు, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది. ఆ తర్వాత అక్కడ నిబంధనలు మారాయి. 2011లో యాసీ తుఫాను వచ్చినప్పుడు కొత్త నిబంధనల ప్రకారం కట్టిన ఇళ్లు పాతవాటి కంటే బాగా నిలబడ్డాయి. మీ అబ్బాయిని ముందు ఆ స్టేషన్ వాళ్ల నివేదికలు చదవమనండి, ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఈలోగా మీరు మేస్త్రీని పిలిపించి స్క్రూల కింద వాషర్లు ఉన్నాయో లేదో చూపించండి.

ప్రశ్న: భీమవరం నుంచి, ఓ అమ్మని. అక్కడ చలి ఎక్కువా? స్వెట్టర్లు ఎన్ని పెట్టాలి?

జవాబు: ఒక్కటి చాలమ్మా, అదీ విమానంలోకి. భూమధ్యరేఖకి ఈ పక్క మన రాజమండ్రి ఎంత దూరమో, ఆ పక్క కెయిర్న్స్ దాదాపు అంతే దూరం. చెరకుతోటలు, అరటితోటలు, ఉక్కపోత అన్నీ ఉంటాయి. కాలాలు మాత్రం తిరగబడతాయి, సంక్రాంతికి అక్కడ వానలు. సముద్రంలోకి మాత్రం తోచిన చోట దిగొద్దని గట్టిగా చెప్పండి. నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీచేపలు తిరుగుతాయి, బీచ్‌లో వల కట్టిన చోటే స్నానం. నదుల్లోనైతే మొసళ్లు.