వెబ్‌సైట్‌లో ప్రశ్నార్థకాలు, డేటాబేసులో గజిబిజి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊళ్ళో తెలుగు, ఒడియా పుస్తకాలున్న ఒక గ్రంథాలయానికి నేను వెబ్‌సైట్ చూస్తుంటాను. సభ్యుల పేర్లన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఒకే పట్టికలో ఉన్నాయి. వెబ్‌సైట్‌లో పాత సభ్యుల పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి గాని, ఈ మధ్య మా గుమాస్తా ఎక్సెల్ జాబితా నుంచి పీహెచ్‌పీమైఅడ్మిన్ (డేటాబేసును బ్రౌజర్‌లోంచే చూసి దిద్దే పనిముట్టు) ద్వారా ఎక్కించిన పేర్లు ప్రశ్నార్థకాల వరుసలుగా వస్తున్నాయి. అదే పట్టికను పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో తెరిస్తే అంతా తారుమారు: కొత్తవి బాగుంటాయి, పాతవి రోమన్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజిగా ఉంటాయి. రెండు చోట్లా ప్రశ్నార్థకాలుగానే ఉన్న పేర్లు కొన్ని, చివర తెగిపోయిన పొడవాటి పేర్లు కొన్ని కూడా ఉన్నాయి. ఎవరో చొరబడి పాడు చేశారని మా కార్యవర్గం అనుమానం. పేర్లన్నీ మళ్ళీ టైపు చేయించమంటారా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: టైపు చేయించవద్దు. పైగా, ఈ సంగతి తేలేదాకా వెబ్‌సైట్‌లో సభ్యుల వివరాలు దిద్దే పేజీని ఎవరూ ముట్టుకోకుండా ఈ రోజే కట్టుదిట్టం చేయండి. మీరు చెప్పిన లక్షణాలలో చొరబాటు జాడ ఏదీ లేదు. పేర్లలో చాలా వాటిని తిరిగి రాబట్టవచ్చు. తొందరపడి దిద్దితే మాత్రం ఆ అవకాశం పోతుంది.

తెరపై కనిపించేదీ డేటాబేసులో నిలవ ఉన్నదీ ఒకటే అయి ఉండనక్కరలేదు. మధ్యలో వెబ్‌సైట్‌కూ డేటాబేసుకూ నడిచే కనెక్షన్ ఉంది, దానికీ ఒక క్యారెక్టర్ సెట్ (ఏ అక్షరానికి ఏ బైట్లో చెప్పే జాబితా) ఉంటుంది. 2018లో 8.0 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ తనంతట తాను ఎంచుకునేది లాటిన్1, అంటే రోమన్ లిపి అక్షరాలకే సరిపోయే సెట్. మీ వెబ్‌సైట్ పాత పద్ధతిలో రాసినదై, కనెక్షన్ ఇప్పటికీ లాటిన్1 మీదే ఉండి, పట్టిక యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8లో ఉన్నదనుకుంటే మీరు చెప్పినవన్నీ ఒక్క కారణానికే ముడిపడతాయి.

'ల' అనే అక్షరాన్ని తీసుకోండి. యూటీఎఫ్-8లో అది ఈ0, బీ0, బీ2 అనే మూడు బైట్లు. వెబ్‌సైట్ వాటిని పంపుతూ ఇవి లాటిన్1 అక్షరాలని చెబుతుంది. డేటాబేసు ఆ మాట నమ్మి, ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలుగా తీసుకుంటుంది: నెత్తిన గీత ఉన్న రోమన్ ఏ, డిగ్రీ గుర్తు, పైకి రాసిన చిన్న రెండు. వాటిని మళ్ళీ యూటీఎఫ్-8లోకి మార్చి ఆరు బైట్లుగా దాస్తుంది. తిరిగి అడిగినప్పుడు అదే తప్పు వెనక్కి జరిగి, పాఠకుడికి 'ల' సవ్యంగా అందుతుంది. గుమాస్తా ఎక్కించిన పేర్లు సరైన కనెక్షన్ మీద వచ్చాయి కనుక లోపల సరిగ్గా ఉన్నాయి, కాని వాటిని లాటిన్1లోకి దింపడం అసాధ్యం కాబట్టి మీ వెబ్‌సైట్‌కు ఒక్కో సంకేతానికి (యూనికోడ్ అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా ఇచ్చే సంఖ్య) ఒక్కో ప్రశ్నార్థకం వెళుతోంది. అంటే వెబ్‌సైట్‌లో బాగున్నవే లోపల చెడినవి. ప్రశ్నార్థకాలుగా కనిపించేవే లోపల బాగున్నవి.

దీన్ని రూఢి చేసుకోవడానికి సెలెక్ట్ ఆజ్ఞలో పేరు పక్కనే, బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ ఫంక్షన్‌తో అదే కాలమ్‌ను అడగండి. తెలుగు పేరులో ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 అని మొదలయ్యే మూడేసి బైట్లు కనిపిస్తే అది సవ్యంగా ఉన్నట్టు. సీ3 ఏ0 సీ2 బీ0 వంటి వరుస కనిపిస్తే రెండుసార్లు మారినట్టు. 3ఎఫ్ పదే పదే వస్తే నిజమైన ప్రశ్నార్థకాలే నిలవ ఉన్నట్టు. ఆ పేరు పోయింది. మీ పట్టికలో ఒడియా పేర్లూ ఉన్నాయి కనుక ఒక ఆనవాలు చెబుతాను: గజిబిజిలో నెత్తిన గీత ఉన్న ఏ పక్కన డిగ్రీ గుర్తో కూడికా తీసివేతా కలిపిన గుర్తో ఉంటే అసలు అక్షరం తెలుగు. ఒడియా అక్షరాల రెండో బైటు ఏసీ లేదా ఏడీ, కనుక అక్కడ ఆ రెండు గుర్తులూ రావు.

రెండు చోట్లా ప్రశ్నార్థకాలుగా ఉన్న పేర్ల సంగతి నాకు ఎక్కువ బాధ కలిగించింది. వెబ్‌సైట్‌లో ఎవరో ఆ సభ్యుల ఫోన్ నంబరో చిరునామానో దిద్దడానికి పేజీ తెరిచి, పేరు గడిలో ప్రశ్నార్థకాలు ఉండగానే భద్రపరిచి ఉంటారు. దానితో బాగున్న పేరు మీద నిజమైన ప్రశ్నార్థకాలు పడ్డాయి. ఎక్సెల్‌లో జాబితాను సీఎస్‌వీ యూటీఎఫ్-8గా కాక మామూలు సీఎస్‌వీగా దాచినా ఇదే ఫలితం. ఇలాంటి పేర్లకు పాత బ్యాకప్, సర్వర్‌లో బైనరీ లాగ్ (డేటాబేసులో జరిగిన మార్పుల చిట్టా) ఉంటే అది, అవేవీ లేకపోతే సభ్యత్వ దరఖాస్తు కాగితాలు, ఇవే ఆధారం.

పేర్లు తెగిపోవడానికీ మూలం అదే. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలే అయినా యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. రెండుసార్లు మారితే కాలమ్‌లో ఇరవై ఒక్క అక్షరాల చోటు పడుతుంది. కాలమ్ హద్దు 50 అయితే పదహారు సంకేతాలు దాటిన పేరు తెగుతుంది, పదిహేడో సంకేతం సగంలో విరుగుతుంది. 5.7 నుంచి మైఎస్‌క్యూఎల్ ఇలాంటి చోట మామూలుగా తప్పు చూపి ఆగుతుంది. ఆ కఠిన నియమం లేని సర్వర్లు చప్పుడు చేయకుండా కోసేస్తాయి.

ఇక మరమ్మతు. ఒక రాత్రి వెబ్‌సైట్ మూసి, పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని వేరే డేటాబేసులోకి ఎక్కించి, మొదట అక్కడే పని చేయండి. రెండుసార్లు మారిన వరుసలను మాత్రం హెక్స్ గుర్తులతో వేరు చేసి, వాటి పేరును లాటిన్1లోకి మార్చి, ఆ వచ్చినదాన్ని బైనరీగా తీసుకొని, దాన్ని యూటీఎఫ్‌8ఎంబీ4గా (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8కు ఉన్న పేరు) చదివించాలి. ఇదే ఆజ్ఞ పొరపాటున బాగున్న వరుసల మీద నడిస్తే అవన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. సగంలో తెగిన పేర్లకు నల్ (ఖాళీ విలువ) రావచ్చు గనుక, ఫలితాన్ని మొదట కొత్త కాలమ్‌లో రాయించి, కంటితో చూసి, ఆ తరువాతే అసలు కాలమ్‌లోకి తేవాలి. వెబ్‌సైట్ ప్రోగ్రాములో కనెక్షన్‌ను యూటీఎఫ్‌8ఎంబీ4కు మార్చడం కూడా అదే రాత్రి జరగాలి. ఒకటి చేసి ఒకటి వదిలితే రేపు ఉదయం పాత పేర్లూ చెడి కనిపిస్తాయి.

ప్రశ్న: మా దుకాణం వెబ్‌సైట్‌లో కొందరి పేర్లు కళ్ళ ముందే ఉన్నా వెతికితే దొరకవు. అందుకే ఒకే మనిషి రెండుసార్లు నమోదవుతున్నాడు. సవర లిపిలో రాసిన పేర్లు అయితే అసలే నిలవడం లేదు.
— ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: కంటికి ఒకటిగా కనిపించే రెండు పేర్లు లోపల వేరుగా ఉండవచ్చు. తెలుగులో 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి ఒక కనబడని గుర్తు టైపు చేస్తాము. ఒకరు దాన్ని పెట్టి, మరొకరు పెట్టకపోతే డేటాబేసులో లైక్ అనే పోలిక మాటతో చేసే వెతుకులాటలో రెండూ కలవవు. ఒడియాలో డ కింద చుక్క ఉన్న అక్షరాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, డ, చుక్క అని రెండుగానూ రాయవచ్చు. 'ఒడిశా' అనే మాటలోనే ఆ అక్షరం ఉంది. భద్రపరిచే ముందు ప్రతి పేరునూ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరులో రాసే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి తెచ్చి, కనబడని గుర్తు తీసేసిన ప్రతిని వెతకడానికి ప్రత్యేకంగా ఒక కాలమ్‌లో ఉంచండి. చూపించే కాలమ్‌లో మాత్రం ఆ గుర్తును తీయవద్దు, పొల్లులు ఒత్తులైపోతాయి.

సవర పేర్లకు కారణం వేరు. సవర భాష రాసే సోరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. దాని అక్షరాలకు నాలుగేసి బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అని పేరున్నది మూడు బైట్లకే పరిమితం కాబట్టి తెలుగు, ఒడియా అందులో పడతాయి, సవర పట్టదు. పట్టికనూ కనెక్షన్‌నూ యూటీఎఫ్‌8ఎంబీ4కు మార్చండి. ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) ఉన్న కాలమ్ 255 అక్షరాలదైతే పాత సర్వర్ 767 బైట్ల హద్దు చూపి ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ ఇండెక్స్‌ను మొదటి 191 అక్షరాలకు కుదించండి.