అరెస్టయిన కాలేజీ ప్లేయర్‌ని ఫ్యాన్స్ దేన్నిబట్టి తూకం వేస్తారు?

ప్రశ్న: నేను అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో ముఖ్యమైన ప్లేయర్ ఒకడు అరెస్టయ్యాడు. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాళ్ళలో కొందరు తిట్టిపోస్తున్నారు, కొందరు ఏమీ జరగనట్టే వెనకేసుకొస్తున్నారు. అసలు ఫ్యాన్స్ దేన్నిబట్టి తేల్చుకుంటారు? నేను ఎవరి మాట నమ్మాలి?

జవాబు:

కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఏళ్ళ తరబడి చూస్తూ, ఇలాంటి కేసు వచ్చినప్పుడల్లా కోర్టు కాగితాలు తీసి చదివే అలవాటుతో చెబుతున్నాను. ఫ్యాన్స్ తీర్పుకి కేసులో ఉన్న విషయంతో సంబంధం తక్కువ. జెర్సీ రంగేంటి, వీడియో బయటికొచ్చిందా, ఇది ఏ నెల, ఆ కుర్రాడు డెప్త్ చార్ట్‌లో (ఎవరు ముందు ఆడతారో చెప్పే పట్టికలో) ఎన్నోవాడు అన్న నాలుగు సంగతులు తెలిస్తే చాలు, ఎవరేమంటారో చాలావరకు ముందే చెప్పొచ్చు.

ముందు జెర్సీ. 1951 నవంబర్‌లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ టీమ్‌ల మధ్య మ్యాచ్ బాగా మోటుగా సాగింది. ప్రిన్స్‌టన్ స్టార్‌కి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ ప్లేయర్ ఒకడికి కాలు విరిగింది. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఆ మ్యాచ్ ఫిల్మ్‌ని రెండు కాలేజీల విద్యార్థులకీ వేసి, రూల్స్ ఎక్కడెక్కడ తప్పారో గుర్తు పెట్టమన్నారు. డార్ట్‌మత్ టీమ్ చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకి ఎన్ని కనిపించాయో, ప్రిన్స్‌టన్ విద్యార్థులకి అంతకి రెండింతల పైనే కనిపించాయి. చూసింది మాత్రం ఒకే ఫిల్మ్. 1976లో రాబర్ట్ చాల్డీనీ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది: టీమ్ గెలిస్తే విద్యార్థులు "మనం గెలిచాం" అంటారు, ఓడితే "వాళ్ళు ఓడిపోయారు" అంటారు. అరెస్ట్ వార్త వచ్చిన రోజు మీవాళ్ళ మాటల్లో ఇదే వెతకండి. బెంచ్ మీద కూర్చునే ప్లేయరైతే సాయంత్రానికల్లా పరాయివాడైపోతాడు. క్వార్టర్‌బ్యాక్ (ఆటని నడిపించే ముఖ్య ప్లేయర్) అయితే "మన కుర్రాడు" గానే మిగిలిపోతాడు. మన సినిమా హీరోల అభిమానులని చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు.

వెనకేసుకొచ్చేవాళ్ళు కూడా రెండు రకాలు. మొదటి రకం తప్పునే చిన్నది చేస్తారు: "తాగి ఉన్నాడు", "ఆ వయసులో మామూలే", "అవతలివాళ్ళు రెచ్చగొట్టారు" అంటారు. రెండో రకం తప్పుని తప్పనే ఒప్పుకుంటారు, కానీ ఆట వేరు, మనిషి వేరు అని పక్కన పెట్టేస్తారు. ఈ తేడా మీద 2013లో భట్టాచార్జీ, బెర్మన్, రీడ్ అనేవాళ్ళు పరిశోధన ప్రచురించారు. ఈ రెండో దారి మనసుకి తేలిక, ఎందుకంటే తప్పుని సమర్థిస్తున్నామన్న ఇబ్బంది ఉండదు. నా మటుకు మొదటి రకమే ఎక్కువ చెరుపు చేస్తుంది. అది ఫిర్యాదు చేసినవాళ్ళ మీదకి వెళ్తుంది.

వీడియో బలం ఎంతో జో మిక్సన్ కేసు చెబుతుంది. 2014 జులైలో ఓక్లహోమా యూనివర్సిటీలో చేరబోతున్న ఈ రన్నింగ్ బ్యాక్, నార్మన్ ఊళ్ళో ఒక శాండ్‌విచ్ షాపులో ఒక యువతిని కొట్టాడు. ఆమె ముఖంలో ఎముకలు విరిగాయి. ఈ సంగతి అప్పుడే అందరికీ తెలుసు. అతను ఆల్ఫర్డ్ ప్లీ (నేరం ఒప్పుకోకుండానే శిక్షకి సిద్ధపడటం, వివరం కింద ఉంది) ఇచ్చాడు, 2014 సీజనంతా సస్పెండయ్యాడు. తర్వాత 2015, 2016 సీజన్లు ఆడాడు, స్టేడియం చప్పట్లు కొట్టింది. 2016 డిసెంబర్‌లో సెక్యూరిటీ కెమెరా వీడియో బయటికి రాగానే దేశమంతా మండిపడింది. అలాంటిది ఇప్పుడు జరిగితే టీమ్‌లోంచి తీసేయడం తప్ప దారి లేదని కోచ్ బాబ్ స్టూప్స్ కూడా అన్నాడు. రెండున్నరేళ్ళలో కేసులో ఒక్క కొత్త విషయం చేరలేదు, చదివిన సంగతిని జనం కళ్ళతో చూశారు, అంతే. కాబట్టి వీడియో లేని కేసు చిన్నదనీ, ఉన్న కేసు పెద్దదనీ అనుకోకండి. ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది. స్టాన్‌ఫర్డ్ స్విమ్మర్ బ్రాక్ టర్నర్ 2015 జనవరిలో అరెస్టయితే, బుకింగ్ ఫొటో (అరెస్టప్పుడు పోలీసులు తీసే మగ్‌షాట్) జనానికి అందింది 2016 జూన్‌లో, శిక్ష పడ్డాక. అప్పటిదాకా చాలా వార్తల పక్కన కనిపించింది సూటు వేసుకుని నవ్వుతున్న కుర్రాడు. చాలామంది నల్లజాతి ప్లేయర్ల కేసుల్లో మగ్‌షాట్ మొదటి గంటలోనే వచ్చేస్తుంది. ఏ ఫొటో పక్కన వార్త చదువుతున్నామన్నది మన తీర్పుని మనకి తెలియకుండానే కదుపుతుంది.

నేరం బరువుకీ జనం చేసే గోలకీ పొంతన ఉండదనడానికి జేమిస్ విన్‌స్టన్ ఉదాహరణ. ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ అయిన అతని మీద 2012 డిసెంబర్‌లో ఒక విద్యార్థిని లైంగిక దాడి ఫిర్యాదు చేసింది. ఏడాది తర్వాత, 2013 డిసెంబర్‌లో, స్టేట్ అటార్నీ (అక్కడి ప్రాసిక్యూటర్) చార్జ్ పెట్టనని ప్రకటించాడు. అదే నెలలో విన్‌స్టన్‌కి కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ప్లేయర్‌కిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ వచ్చింది. 2014 ఏప్రిల్‌లో పబ్లిక్స్ సూపర్‌మార్కెట్‌లో 32 డాలర్ల 72 సెంట్ల పీత కాళ్ళు, క్రాఫిష్ డబ్బు కట్టకుండా పట్టుకెళ్ళాడు. దానికి సివిల్ సైటేషన్, 20 గంటల సమాజ సేవ. ఎదుటి టీమ్‌ల ఫ్యాన్స్ ఏళ్ళ తరబడి పట్టుకున్నది పీత కాళ్ళనే. ఎగతాళికి పనికొచ్చేది నోళ్ళలో నానుతుంది. ఈలోపు ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు ఆన్‌లైన్‌లో బయటపడి, వేధింపులు మొదలై, ఆమె ఆ యూనివర్సిటీనే వదిలి వెళ్ళిపోయింది. ఆమె వేసిన టైటిల్ నైన్ (చదువుల్లో లింగవివక్షని నిషేధించే ఫెడరల్ చట్టం) దావాలో 2016 జనవరిలో యూనివర్సిటీ తప్పు ఒప్పుకోకుండా 9,50,000 డాలర్లకి సెటిల్ చేసుకుంది.

క్యాలెండర్ మాటకొస్తే, "నిరవధిక సస్పెన్షన్" అన్న ప్రకటన చూసి మోసపోకండి. ఫుట్‌బాల్‌లో జనవరి చివరి నుంచి ఆగస్టు చివరిదాకా అసలు మ్యాచ్‌లే ఉండవు. మే నెలలో నిరవధికంగా సస్పెండయినవాడు మొదటి మ్యాచ్‌కి ముందే తిరిగొస్తే, పోయింది కొన్ని ప్రాక్టీసులే. చూడాల్సింది ఎన్ని మ్యాచ్‌లు, ఎవరి మీద అని. సీజన్ మొదట్లో బలహీనమైన జట్టు మీద ఒక మ్యాచ్ ఆపడం పేరుకి శిక్ష. "టీమ్ రూల్స్ ఉల్లంఘన" అనే మాటకి కూడా అర్థం చెప్పలేం. దాని కింద మీటింగ్‌కి ఆలస్యంగా రావడమూ ఉండొచ్చు, పెద్ద కేసూ ఉండొచ్చు.

డబ్బు వచ్చాక ఫ్యాన్స్ ధోరణి కూడా మారింది. 2021 జులై 1 నుంచి ప్లేయర్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. హౌస్ సెటిల్‌మెంట్ (ప్లేయర్లు వేసిన దావాలో కుదిరిన రాజీ) తర్వాత 2025-26 నుంచి స్కూళ్ళే నేరుగా డబ్బు పంచొచ్చు, ఆ మొదటి ఏడాది ఒక్కో స్కూలుకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. "పంతొమ్మిదేళ్ళ పిల్లాడు కదా" అన్న జాలి తగ్గి, "జీతం తీసుకుంటున్నాడు కదా" అన్న కటువుతనం పెరిగింది. ప్లేయర్లు ఒక స్కూలు నుంచి ఇంకో స్కూలుకి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల అభిమానం కూడా పల్చబడింది. రెండేళ్ళ కిందట వేరే రంగు జెర్సీలో ఉన్నవాడి కోసం గట్టిగా నిలబడేవాళ్ళు తక్కువ.

ఒకే కేసుని రెండు స్టేడియాలు ఎలా చూస్తాయో 2023లో అలబామా బాస్కెట్‌బాల్ టీమ్ విషయంలో కనిపించింది. ఆ జనవరిలో టస్కలూసాలో జరిగిన కాల్పుల్లో 23 ఏళ్ళ యువతి, అయిదేళ్ళ బాబు తల్లి, చనిపోయింది. టీమ్‌లోని ఒక ప్లేయర్ మీద, అతని స్నేహితుడి మీద హత్య చార్జ్ పడింది. టీమ్ స్టార్ బ్రాండన్ మిల్లర్ కారులో తుపాకీ వచ్చిందని ఫిబ్రవరి 21న కోర్టులో పోలీసు సాక్ష్యం చెప్పాడు. కారులో తుపాకీ ఉన్నట్టు మిల్లర్‌కి కనిపించలేదని అతని లాయర్ చెప్పాడు. మిల్లర్ మీద ఏ చార్జ్ పెట్టలేదు. మర్నాడు సౌత్ కరోలినాలో జనం "లోపలేయండి" అని నినాదాలు చేస్తుంటే అతను 41 పాయింట్లు కొట్టి గెలిపించాడు. ఆ వారాంతం సొంత కోర్టులో, మ్యాచ్‌కి ముందు పేర్లు పిలిచేటప్పుడు, సహచరుడు అతన్ని పోలీసులు తడిమినట్టు తడిమాడు. గ్యాలరీలు కేరింతలు కొట్టాయి. అది తగదని, ఇక జరగదని కోచ్ తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. రెండు చోట్లా లేనిది ఒక్కటే, చనిపోయిన మనిషి ధ్యాస. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

అలాగని తిట్టడానికి ఎగబడేవాళ్ళూ సరైనవాళ్ళు కారు. 2006లో డ్యూక్ యూనివర్సిటీ లాక్రోస్ (వల ఉన్న కర్రతో ఆడే బంతాట) టీమ్ ప్లేయర్లు ముగ్గురి మీద రేప్ కేసు పెట్టారు. సీజన్ రద్దయింది, కోచ్ రాజీనామా చేశాడు, క్యాంపస్‌లో నిరసనలు జరిగాయి. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ రాయ్ కూపర్ కేసు ఎత్తేసి, వాళ్ళు నిర్దోషులని సూటిగా ప్రకటించాడు. డీఎన్ఏ ఫలితాలు దాచిన ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్ లాయర్ లైసెన్స్ పోగొట్టుకున్నాడు. ఇల్లినాయ్ బాస్కెట్‌బాల్ ప్లేయర్ టెరెన్స్ షానన్ మీద 2023 డిసెంబర్‌లో కేసు పడింది, స్కూలు సస్పెండ్ చేసింది. ఆరు మ్యాచ్‌లు పోయాక ఫెడరల్ జడ్జి ఉత్తర్వుతో తిరిగొచ్చాడు. సొంత ఊళ్ళో లేచి చప్పట్లు కొట్టారు, బయట హేళన చేశారు. 2024 జూన్‌లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. చప్పట్లు కొట్టినవాళ్ళ దగ్గరగానీ, హేళన చేసినవాళ్ళ దగ్గరగానీ ఆ జనవరిలో ఆధారమేమీ లేదు.

ఇప్పుడు మీరేం చేయాలో చెబుతాను. వార్త కాదు, కాగితం చదవండి. చాలా రాష్ట్రాల్లో కౌంటీ క్లర్క్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. కావాల్సింది ప్రాబబుల్ కాజ్ అఫిడవిట్, అంటే పోలీసు ఎందుకు అరెస్ట్ చేశాడో ప్రమాణం చేసి రాసిచ్చిన పత్రం. మామూలుగా ఒకటి రెండు పేజీలు. అందులో మూడు సంగతులు విడదీసి చూడండి: పోలీసు స్వయంగా చూసిందేది, ఇంకొకరు చెబితే రాసుకున్నదేది, వీడియో, గాయాలు, మెసేజ్‌ల లాంటి ఆధారాలేవి. ఇది ఒకవైపు కథే, డిఫెన్స్ మాట ఇందులో ఉండదు. ఘటన క్యాంపస్‌లో జరిగితే క్లెరీ యాక్ట్ ప్రకారం క్యాంపస్ పోలీసులు రోజువారీ నేరాల లాగ్ ఉంచాలి. గత 60 రోజులది ఆఫీసు వేళల్లో ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. పేర్లుండకపోవచ్చు, కానీ తేదీ, చోటు, నేరం రకం దొరుకుతాయి.

తర్వాత కేసు ఏ మెట్టు మీద ఉందో చూడండి. అరెస్టప్పుడు పోలీసు రాసిన సెక్షన్లు ఒకటి, ప్రాసిక్యూటర్ చివరికి ఫైల్ చేసేవి ఒకటి. రెండోవి తరచూ తేలికగా ఉంటాయి. అంతమాత్రాన "కేసు కూలిపోయింది" అనుకోకూడదు. గ్రాండ్ జ్యూరీ (చార్జ్ పెట్టొచ్చా అని తేల్చే పౌరుల బృందం) ఇండిక్ట్ చేసిందంటే ప్రాసిక్యూషన్ వైపు మాత్రమే విని, విచారణకి సరిపడా కారణముందని అన్నారని. మాటలు కూడా రాష్ట్రాన్నిబట్టి మారతాయి. ఫ్లోరిడాలో అసాల్ట్ అంటే బెదిరింపు, కొడితే బ్యాటరీ. టెక్సస్‌లో కొట్టినా అసాల్టే. పక్క రాష్ట్రపు కేసుతో పోల్చే ముందు ఇది సరిచూసుకోండి.

కేసు ముగిసిన తీరు మీద ఫ్యాన్స్ ఎక్కువగా పొరబడతారు. "డ్రాప్ అయింది" అన్న ఒక్క మాట కింద సాక్ష్యం చాలకపోవడం, సాక్షి వెనక్కి తగ్గడం, డైవర్షన్ ప్రోగ్రామ్ పూర్తిచేయడం అన్నీ వస్తాయి. డైవర్షన్ అంటే షరతులు ఒప్పుకుని, కౌన్సెలింగో సమాజ సేవో చేసి బయటపడటం. నో కాంటెస్ట్ అంటే నేరం ఒప్పుకోకుండా శిక్షకి సిద్ధపడటం. ఆల్ఫర్డ్ ప్లీ అంటే నేను చేయలేదంటూనే, అవతలివాళ్ళ ఆధారాలతో శిక్ష పడొచ్చని ఒప్పుకోవడం. ఇవేవీ నిర్దోషి అన్న తీర్పు కావు. జ్యూరీ నిర్దోషి అన్నా, డ్యూక్ కేసులో కూపర్ ప్రకటించినట్టు నేరమే చేయలేదని తేల్చినట్టు కాదు, సందేహానికి అతీతంగా రుజువు కాలేదని.

యూనివర్సిటీ విచారణ వేరే పట్టాల మీద నడుస్తుంది. టైటిల్ నైన్ కింద చాలా స్కూళ్ళు సగానికి మించి నమ్మదగితే చాలన్న కొలత వాడతాయి. అందుకే కోర్టు వదిలేసినవాణ్ణి స్కూలు పంపించేయొచ్చు, అది కక్ష కానక్కర్లేదు. స్కూలు మౌనంగా ఉందంటే దాస్తోందని వెంటనే అనుకోవద్దు. ఫెర్పా చట్టం విద్యార్థి రికార్డులు బయటపెట్టనివ్వదు. అయితే హింసాత్మక నేరంలో బాధ్యుడని తేలితే తుది ఫలితం చెప్పడానికి ఆ చట్టమే అనుమతిస్తుంది. అప్పుడు కూడా ఫెర్పా పేరు చెప్పి తప్పించుకుంటే గట్టిగా అడగండి.

ఎవరి మాట నమ్మాలి అని అడిగారు కదా. అఫిడవిట్ చదివాక, అదే కాగితం మీద మీ రైవల్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ పేరు ఉందనుకుని మళ్ళీ చదవండి. రెండుసార్లూ ఒకే అభిప్రాయం కలిగితే ఆ అభిప్రాయం ఉంచుకోండి. కలగకపోతే డాకెట్‌లో (కోర్టు కేసు రికార్డులో) తర్వాతి హియరింగ్ తేదీ రాసుకుని, అప్పటిదాకా ఆగండి. ఈలోపు మీ వాట్సాప్ గ్రూపుల్లోకి ఫిర్యాదు చేసినవాళ్ళ పేరో, ఫొటోనో, ఏ డార్మ్‌లో (హాస్టల్లో) ఉంటారన్న సంగతో వస్తుంది. చిన్న కాలేజీ ఊళ్ళలో ఇది తప్పకుండా వస్తుంది. దాన్ని ఫార్వర్డ్ చేయకండి, పెట్టినవాళ్ళకి తీసేయమని చెప్పండి. మీకు నిజంగా కళ్ళారా తెలిసిన విషయమేదైనా ఉంటే దాని చోటు గ్రూపు కాదు, కేసు చూస్తున్న డిటెక్టివ్ దగ్గర లేదా టైటిల్ నైన్ ఆఫీసులో.