గూస్ బొమ్మల నూగు ఎక్కడ రాలుతుంది?

పోయిన నెల తిరుపతిలో ఉండగా మా పక్కవీధి అబ్బాయి ఇంటికొచ్చి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. వాడు అమెరికాలోని మిన్నెసోటాలో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. ఆఫీసు స్నేహితులతో కెనడా గూస్ అనే పెద్ద అడవి బాతుల వేటకు పోతున్నాడు, వాటిని కిందికి రప్పించేందుకు పొలంలో నిలబెట్టే డెకాయ్ బొమ్మలు డజను కొన్నాడు. "మామా, తలల మీద నల్ల నూగు ఒక్క సీజన్‌కే ఊడిపోయింది. మోసపోయానంటావా?" అని ఒకటే టెన్షన్.

అలమరలో ఉన్న అమ్మ ఉంగరం డబ్బా తీసి వాడి చేతిలో పెట్టాను. ముప్పై ఏళ్ల నాటిది. లోపల ఉంగరం దూర్చే చోట మఖమల్ ఇంకా ఒత్తుగా ఉంది. బయట నాలుగు మూలలూ మాత్రం అరిగి తెల్ల ప్లాస్టిక్ తేలింది. రెండింటి పనితనమూ ఒకటే. జిగురు పూసిన చోటికి సన్నగా తరిగిన నైలాన్ లేదా రేయాన్ పోగులను కరెంటు చార్జ్ పెట్టి వదిలితే నిలువుగా వచ్చి నాటుకుంటాయి. ఆ నూగు వెలుగును మింగేస్తుంది. అది పోయిన చోట ప్లాస్టిక్ ఎండకు తళుక్కుమంటుంది, పైనుంచి దిగబోయే పక్షికి అనుమానం వస్తుంది.

పొలంలో నిలబెట్టినందుకు నూగు అంతగా పోదు. పోయేది సంచిలోనే. ట్రక్కు కుదుపులకు ముక్కు, నెత్తి, రొమ్ము ఒకదానికొకటి రాసుకుంటాయి. దామలచెరువులో మామిడికాయలు సర్దేటప్పుడు గడ్డి ఎందుకు వేస్తారో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. బొమ్మకొక అర ఉండే సంచి కొనండి. అప్పటిదాకా తలలకు పాత సాక్సులు తొడగండి.

రెండో శత్రువు తడి. వేటకు పోయిన మొదటి ఏడాది నేను వానలో తడిసిన బొమ్మలను అలాగే మూటగట్టి గరాజ్‌లో పడేశాను. తెరిచేసరికి బూజు వాసన. వేలితో తాకితే నూగు మసిలా అంటుకుని వచ్చేసింది. ఇంటికి రాగానే నీడలో ఆరబెట్టండి. బురద ఎండాక మెత్తటి బ్రష్‌తో దులపండి, మామూలు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ జోలికి మాత్రం పోకండి, పోగులు జిగురుతో సహా లేచిపోతాయి. కొనేటప్పుడు రేయాన్ కంటే నైలాన్ నూగు గట్టిది. నన్నడిగితే కొత్తవాళ్లకు తలలకే నూగు వేసిన రకం చాలు.

బొమ్మలకంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి చట్టపరమైన మినహాయింపు లేకుండా తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. స్నేహితుడి తుపాకి అయినా అంతే. 16 ఏళ్లు నిండినవాళ్లు 25 డాలర్ల డక్ స్టాంప్ (నీటిపక్షుల వేటకు ఫెడరల్ అనుమతి) కూడా తీసుకోవాలి. సీసం గుళ్లను నీటిపక్షుల వేటలో 1991 నుంచి అమెరికా అంతటా నిషేధించారు.

ఊడిన తలలను పారెయ్యకండి. రిపేర్ కిట్‌లో నల్ల జిగురు, నల్ల నూగు వస్తాయి. వదులుగా ఉన్నదంతా గీకి, శుభ్రంగా తుడిచి, జిగురు పల్చగా పూసి, నూగు ధారాళంగా చల్లండి. ఒక రోజంతా కదపకుండా ఆరనిచ్చి, మిగిలింది దులిపెయ్యండి. మిన్నెసోటాలో గూస్ సీజన్ సెప్టెంబర్ మొదట్లోనే తెరుస్తారు కాబట్టి ఈ పని ఆగస్టులోనే పెట్టుకోండి.