కరిగేది మంచా, నేలా?

సందేహం: ‘సైబీరియా సముద్రగర్భంలో శాశ్వత మంచు కరిగి భారీగా మీథేన్ విడుదల అవుతోంది’ అని ఒక పత్రికలో చదివి తరగతిలో చెప్పాను. ‘శాశ్వతమైతే ఎలా కరుగుతుంది టీచర్?’ అని ఒక పిల్లవాడు అడిగాడు. జవాబు తోచలేదు. పెర్మాఫ్రాస్ట్‌కు ‘శాశ్వత మంచు’ సరైన మాటేనా? ఇంకేదైనా తెలుగు మాట ఉందా?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ పిల్లవాడికి నా ఆశీస్సులు. పెద్దలు ఎన్నో ఏళ్లుగా రాస్తూ వచ్చిన మాటలోని తప్పును ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు. అయితే వాడు పట్టుకున్నది సగమే. ‘శాశ్వత’ ఎంత తప్పో ‘మంచు’ అంతకంటే పెద్ద తప్పు.

శాశ్వతం సంగతి త్వరగా ముగిస్తాను. అది రష్యన్ల నుంచి వచ్చింది. వాళ్లు దీన్ని ‘వేచ్నయా మెర్జ్‌లతా’ అన్నారు. ‘వేచ్నయా’ అంటే నిత్యమైనది. తర్వాత అక్కడి శాస్త్రజ్ఞులే ఆ మాటను పక్కనపెట్టి ‘ఏళ్ల తరబడి ఉండేది’ అనే అర్థమిచ్చే విశేషణం వాడసాగారు. శాస్త్రంలో నియమం చాలా చిన్నది: వరుసగా రెండేళ్లయినా సున్నా డిగ్రీల వద్ద, లేదా అంతకంటే చల్లగా ఉన్న నేల పెర్మాఫ్రాస్టే. రెండేళ్లకు శాశ్వతమని పేరు పెట్టడం మన సంస్కృతం మోజు. ఇక ‘మెర్జ్‌లతా’ అంటే గడ్డకట్టినది. అందులో మంచు ఊసే లేదు. ఆ మంచును మనమే చేర్చాం. తెల్లవారుజామున గడ్డి మీద పడేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఇంత బరువు మోస్తున్న మాట నెత్తిన నేలను కూడా పెడితే ఎలా?

అసలు విషయం నేల. దానికి జరిగింది గడ్డకట్టడం. దీనికి తెలుగువాళ్ల వంటింట్లో చక్కటి క్రియ ఉంది: పేరు.

ధనుర్మాసం ఉదయాన నేతి గిన్నె మూత తీసి చూడండి. నెయ్యి పూసకట్టి, గరిటె దిగనంత గట్టిగా ఉంటుంది. ‘నెయ్యి పేరింది, కాస్త సెగ చూపించు’ అనేది మా అమ్మ. గిన్నెను పొయ్యి పక్కన పెడితే ముందు అంచు వదులవుతుంది. గిన్నెను వంచితే ఆ అంచు వెంబడి పసుపుపచ్చని గీత కదులుతుంది. నడుమ ముద్ద మాత్రం చాలాసేపు బిగిసే ఉంటుంది. చలికాలంలో కొబ్బరినూనె పేరుతుంది. గాయం మీద నెత్తురు పేరుతుంది. తోడు వేసిన పాలు పేరుకుంటాయి. ‘పెరుగు’ అనే మాట కూడా ఈ కుదుటిదేనని నా నమ్మకం. పారేది, జారేది తన లోపలి పట్టు వల్ల నిలిచిపోయే స్థితి మొత్తాన్ని ఈ రెండక్షరాల క్రియ చెబుతుంది. నామవాచకమైన ‘పేరు’ వేరు. హారమనే అర్థంలో ముత్యాల పేరూ వేరే.

ఇంత మంచి క్రియను ఇవాళ పత్రికలు దేనికి వాడుతున్నాయో చూడండి. పేరుకుపోయిన బకాయిలు, పేరుకుపోయిన చెత్త, పేరుకుపోయిన ఫైళ్లు! పోగుపడటమనే ఒక్క అర్థానికి దాన్ని కట్టేశారు. గడ్డకట్టడం అనవలసిన చోటల్లా ‘ఘనీభవించడం’ అంటున్నారు. నెయ్యి ఘనీభవించిందని ఏ ఇల్లాలైనా అంటుందా? అనదు కదా! మరి నేల విషయంలో మనకెందుకీ ఘనీభవనం?

ఈ క్రియ మీ వార్తకు ఎంత బాగా సరిపోతుందో చెప్పాలంటే ఆ పరిశోధన గురించి కొంత చెప్పాలి. నటాలియా షఖోవా, ఇగోర్ సెమిలెటోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞులు తూర్పు సైబీరియా ఆర్కిటిక్ తీరపు సముద్రాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. అది 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న లోతు తక్కువ సముద్రం. సగటున ఒక యాభై మీటర్లు. మంచుయుగంలో అదంతా పొడి నేల. సున్నాకు పది డిగ్రీలకు పైగా కిందికి చల్లబడి, అడుగుల కొద్దీ కాదు, వందల మీటర్ల లోతు వరకు పేరిన నేల. మంచుయుగం ముగిశాక సముద్రమట్టం 120 మీటర్ల దాకా పెరిగింది. నీళ్లొచ్చి ఆ నేలను ముంచేశాయి. అడుగున ఆ నీరు సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది. మనకు వేళ్లు కొంకర్లుపోయే చలి. ఆ నేలకు మాత్రం అదే సెగ. అది వేల ఏళ్లుగా పైనుంచి తగులుతూనే ఉంది. కింద భూమి లోపలి వేడి ఉంది. నడుమ ఉప్పు దిగుతోంది. ఉప్పు చేరిన తడి సున్నా దగ్గర గడ్డకట్టదు.

1982-83లో అక్కడ సముద్రం అడుగున బోర్లు వేశారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత షఖోవా బృందం మళ్లీ అదే చోట తవ్వి చూసింది. మట్టి రేణువులను మంచు బిగించి పట్టుకున్న పొర పైమట్టం సగటున ఏడాదికి 14 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగిందని 2017లో ప్రకటించారు. ‘మంచు బిగించి పట్టుకున్న పొర’ అన్నది వాళ్ల పరిభాషకు నా వివరణ. ‘పేరిన పొర’ అంటే సరిపోదూ?

ఆ పొర మూతలాంటిది. అది వదులైన చోట లోపలి మీథేన్, అంటే భూమిని వేడెక్కించే ఒక వాయువు, బుడగలై లేస్తుంది. లోతు తక్కువ కాబట్టి కొంత నీటిలో కలిసిపోక ముందే గాలికి చేరుతుంది. 2003 నుంచి 2008 దాకా 5,000కు పైగా కొలతలు తీసి, ఏటా సుమారు 80 లక్షల టన్నులు వెలువడుతోందని షఖోవా బృందం 2010లో లెక్క చెప్పింది. 2013లో దాన్ని 1.7 కోట్ల టన్నులకు పెంచింది. 2014 వేసవిలో స్వీడన్ ఓడ మీద వెళ్లిన మరో బృందం కొలిస్తే ఏడాదికి 29 లక్షల టన్నుల దగ్గర తేలింది. లెక్కలు ఇలా ఉండగా ‘మీథేన్ బాంబు’ అని శీర్షికలు పెట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. సముద్రం అడుగు మీథేన్ ఈ శతాబ్దంలోనే భూమిని వేడెక్కించే వాయువుల లెక్కలను తలకిందులు చేసే అవకాశం చాలా తక్కువని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2021 నివేదిక చెప్పింది. భయపడవలసిన విషయాన్ని సరిగ్గా చెప్పడానికి ఉన్న మాటలు చాలు, బాంబులు అక్కర్లేదు.

‘విడుదల’ మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. ఖైదీ విడుదలవుతాడు, సినిమా విడుదలవుతుంది. వాటి వెనుక విడిచేవాడొకడుంటాడు. వాయువు వెలువడుతుంది, ఉబుకుతుంది. ‘సముద్రగర్భం’ కంటే ‘సముద్రం అడుగు నేల’ స్పష్టం. మీథేన్ అన్న పేరులో, దూరపు చుట్టరికంగా, మన ‘మధు’ శబ్దానికి తోబుట్టువైన గ్రీకు ‘మెథు’ ఉంది. ఆ కథ మరోసారి.

కాబట్టి నా మాట ‘పేరిన నేల’. చిక్కులు లేవని అనను. ‘పేరొందిన నేల’ అని పొరబడేవారుంటారు. తడి బొత్తిగా లేని రాయి కూడా రెండేళ్లు సున్నాకు దిగువనుంటే శాస్త్రం దాన్ని పెర్మాఫ్రాస్టే అంటుంది. తడి లేనిచోట పేరడమేమిటని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. అందుకే పాఠ్యపుస్తకంలో ‘గడ్డకట్టిన నేల’ అని రాస్తే తప్పనను. ‘పెర్మాఫ్రాస్ట్’ అని తెలుగు లిపిలో రాసినా ఒప్పుకుంటాను. ‘శాశ్వత మంచు’ను మాత్రం ఒప్పుకోను.

ఇక క్రియ. మంచు కరుగుతుంది, నేల కరగదు, పట్టు సడలుతుంది. ఇది పిల్లలకు మాటల్లో చెప్పనక్కర్లేదు. ఒక గిన్నెలో ఇసుకను బాగా తడిపి, రాత్రి ఫ్రిజ్‌లో మంచుగడ్డలు చేసే అరలో పెట్టి, ఉదయం తరగతికి తీసుకెళ్లండి. బోర్లిస్తే రాయిలా పడుతుంది. బల్ల మీద ఉంచి పాఠం చెప్పుకోండి. కాసేపటికి అంచులు జారతాయి, కింద నీరు చేరుతుంది, ఇసుక రేణువులు మాత్రం ఒక్కటీ తగ్గవు. ఏం జరిగిందో ఆ పిల్లవాణ్నే చెప్పమనండి. వాడు ఏ క్రియ వాడాడో నాకు తప్పకుండా రాయండి.