ఆ ఇరవై రోజులు వంట ఎవరు చేశారు?

ప్రశ్న: నా వయసు 42. విజయవాడ సింగ్‌నగర్‌లో సొంత ఇల్లు, ప్రైవేటు ఉద్యోగం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇల్లు మునిగింది. దుగ్గిరాల దగ్గర మా ఊరెళ్లి అమ్మ దగ్గర ఇరవై రోజులున్నాం. పదేళ్లలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను. ఉద్యోగం మానేసి, రెండెకరాలు వెనక్కి తీసుకుని పసుపు వేసుకుంటూ అక్కడే ఉండిపోవాలనుంది. నాన్న పోయి నాలుగేళ్లు. అమ్మ ఒక్కతే ఉంటోంది, మోకాళ్ల నొప్పులు. పొలం కౌలుకు చేస్తున్నాయన మాకు వరసకి మామయ్య, మందులూ సరుకులూ ఆయనే తెచ్చిస్తాడు. నా భార్య మాత్రం ‘అక్కడికెళ్తే చాకిరీ అంతా నాదే’ అంటోంది. అమ్మాయి ఎనిమిదో తరగతి. నా భార్యను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. పల్లెకు వెళ్లిపోదామంటూ నాకు ఉత్తరాలు రాసేది ఎక్కువగా మగవాళ్లే. అక్కడ పొద్దున్నే పొయ్యి దగ్గర ఎవరుంటారో ఒక్కరూ రాయరు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వరద ఉంది, పసుపు ఉంది, భార్య ఉంది, అమ్మాయి చదువుంది. అమ్మకు మాత్రం రెండు ముక్కలు. ‘ఒక్కతే ఉంటోంది, మోకాళ్ల నొప్పులు.’ మీరొచ్చి ఉంటానంటే ఆవిడ ఏమందో లేదు. అడిగి ఉంటే రాసేవారు, కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను.

ఆ ఇరవై రోజులు మీకు ప్రశాంతంగా ఎందుకున్నాయో ఒకసారి ఆలోచించండి. ఆఫీసు లేదు, బురద కడిగే పని ఇంకా మొదలుకాలేదు, వేళకు వేడన్నం కంచంలోకి వచ్చింది. ఆ మోకాళ్లతోనే ఆవిడ నలుగురికి వండిపెట్టింది. మీ ఆవిడ పక్కనే ఉండి పని అందుకుంది కాబట్టే చాకిరీ అంటే ఏమిటో ఆవిడకు తెలుసు. మీకు గాలి పీల్చుకునే తీరిక దొరికింది. మీరు కోరుకుంటున్నది పల్లెటూరు కాదేమో, అమ్మ చేతి కింద మళ్లీ పిల్లాడిగా ఉండటమేమో. అందులో తప్పు పట్టను. దానికోసం చాకిరీ చేయడానికి భార్య మీ ఉద్యోగి కాదు, అంతే.

వ్యవసాయం గురించి ఎక్కువ చెప్పను. పసుపుకు ఎకరాకు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల విత్తనం కావాలి. జూన్‌లో పెడితే దాదాపు తొమ్మిది నెలలు నేలలోనే ఉంటుంది. ఆపైన తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి దుగ్గిరాల మార్కెట్ యార్డుకు తోలాలి. అన్నాళ్లూ అమ్మాయి ఫీజు ఎక్కణ్ణుంచి కడతారు? రెండెకరాలతో జీతం రాదు, ఆ లెక్క మీకే తెలుసు.

నాకు భయం వేసింది మరోచోట. పొలం వెనక్కి తీసుకుంటానని ఒక్క ముక్కలో రాసేశారు. నాలుగేళ్లుగా మీ అమ్మ గడపలోకి రోజూ వచ్చి పోయే మనిషి ఆ మామయ్యే. ఆ చేను చేతిలోంచి లాగేసుకున్నాక కూడా ఆయన మందులు తెచ్చిస్తాడా? వచ్చినా ఆ వరస మునుపటిలా ఉంటుందా? కొడుకు చేయాల్సిన పని కౌలు రైతు చేస్తున్నాడు. దానికి మీరు సిగ్గుపడాలి, ఆయన్ను ఖాళీ చేయించడం కాదు. మాట గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

విజయవాడ నుంచి తెనాలి వెళ్లే దారిలో దుగ్గిరాల స్టేషనుంది. మీరుండేది అమెరికాలో కాదు. ఇంత దగ్గరుండి నాలుగేళ్లలో ఎన్ని శనివారాలు వెళ్లారు? పండగలు లెక్కలోకి రావు.

ఉద్యోగం మానొద్దు. ఓ మూడు నెలలు ప్రతి శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి రండి. ఒక్కరే వెళ్లండి, భార్యనూ పిల్లనూ తీసుకెళ్లొద్దు. ఒక శనివారం అమ్మను గుంటూరులోనో తెనాలిలోనో ఎముకల డాక్టరుకు చూపించండి. ఊళ్లోనే ఉంటుందో, మీ దగ్గరికి వస్తుందో, అసలు మీరు అక్కడికొచ్చి ఉండటం ఆవిడకు ఇష్టమో కాదో అప్పుడు అడగండి. మొదటిసారి అడిగితే ‘నీ ఇష్టం నాయనా’ అంటుంది, దాన్ని జవాబు అనుకోకండి. కౌలు సంగతి అప్పటిదాకా మామయ్య దగ్గర ఎత్తొద్దు.

ఈ శనివారం వెళ్లేటప్పుడు క్యారేజీ కట్టుకుని వెళ్లండి. ఇద్దరికీ సరిపడా. కట్టేది మీరే, మీ ఆవిడ కాదు.